సిబ్బి పగ

నేను ఒక సిబ్బిని. ఇత్తడి సిబ్బిని. అన్నం ఉడికాక గిన్నె మూతిమీద నన్ను పెట్టి, గుడ్డతో రెండు పక్కలా అదిమి పట్టుకుని వంచితే, గంజి నా చిల్లుల్లోంచి కిందికి పోతుంది, మెతుకులు లోపల ఆగిపోతాయి. పోవలసినదాన్ని పోనివ్వడం, ఉండవలసినదాన్ని ఆపడం, నా పని అంతే. ఇంత చిన్న పని చేసే వస్తువుకి పగేమిటని మీరనుకోవచ్చు. కుక్కర్లు వచ్చాక పుట్టినవాళ్ళయితే అసలు నేనెవరో కూడా మీకు తెలియకపోవచ్చు. రెండూ నన్ను బాధించేవే. రెండోది కాస్త ఎక్కువ బాధిస్తుంది.

నన్ను చేసినవాడు ఒక కంచరి. అతడి పేరు నాకు తెలియదు. చేసిన వస్తువుకి తమ పేరు చెప్పుకునే అలవాటు వాళ్ళకి లేదు. రేకుని గుండ్రంగా కత్తిరించి, అంచు పైకి మలిచి, మధ్యలో కొంచెం లోతు చేసి, ఆ తరువాత నన్ను బోర్లా పడుకోబెట్టి మేకులాంటి ఉలితో చిల్లులు పొడిచాడు. ప్రతి చిల్లుకీ ఒక దెబ్బ. "దెబ్బలు తింటేగాని పనికిరాదురా" అని పక్కవాడితో అన్నాడు. ఆ మాట నాకప్పుడు బాగానే ఉంది. తరువాత ఒక సంసారం చూశాక తెలిసింది, దెబ్బలు కొట్టేవాళ్ళందరూ ఇదే మాట అంటారని.

తిరునాళ్ళలో నన్ను కొన్నది వరహాలమ్మ తల్లి. కొత్త కాపురానికి వెళ్తున్న కూతురి పెట్టెలో, చీరల మధ్య నన్ను పెట్టింది. అలా నేనా ఇంటికి వెళ్ళాను.

ఆ ఇల్లు రామచంద్రపురం వైపు, ధాన్యం మిల్లులు వరసగా ఉన్న ఒక ఊళ్ళో ఉండేది. ఇంటాయన పేరు రాయుడు. మిల్లులో బియ్యం రకం తేల్చే గుమాస్తా. బస్తాలో చెయ్యి పెట్టి నాలుగు గింజలు తీసి, నోట్లో వేసుకుని కొరికి, అవి ఏ పంటవో, పాతవో కొత్తవో, ఏ బస్తాలో ఏది కలిసిందో చెప్పేవాడు. మిల్లు యజమాని తన దగ్గరికి వచ్చినవాళ్ళకి ఆయన్ని చూపించి, "మా రాయుడి నాలుక త్రాసండీ" అనేవాడు. పొగిడిన మాట ఒక మనిషికి ఎంత చేటు చేస్తుందో ఆ యజమానికి తెలిసి ఉండదు. రాయుడు ఆ త్రాసుని రోజూ ఇంటికి తెచ్చుకునేవాడు.

భోజనానికి కూర్చున్నాడంటే వంటిల్లు కోర్టు కచేరీ అయ్యేది. ముందు ఒక మెతుకుని వేళ్ళ మధ్య నలిపి చూసేవాడు. తరువాత కూర ముట్టుకునేవాడు. వరహాలమ్మ ఎదురుగా నిలబడి, ఆయన మొదటి ముద్ద మింగేదాకా ఊపిరి బిగబట్టుకుని ఉండేది. ఉప్పు ఒక పలుకు తక్కువైతే కంచం ఎగిరేది. ఒక పలుకు ఎక్కువైనా ఎగిరేది. "మీ అమ్మ నీకు ఏడవడం నేర్పింది గాని వంట నేర్పలేదే" అనేవాడు. వాళ్ళకి పిల్లలు కలగలేదు. ఆ తప్పు కూడా ఆవిడ వంటలోనే ఉన్నట్టు మాట్లాడేవాడు.

ఒకనాడు వానకి పుల్లలు తడిసి, పొయ్యి సరిగ్గా మండక, అన్నం మెత్తబడింది. ఆయన మెతుకు నలిపి చూశాడు. "ఇది అన్నమా, గోడకి కాగితాలంటించే మైదాపిండా?" అని లేచి, ఇంకా ఆవిరి కక్కుతున్న నన్ను తీసి విసిరాడు. నేను వెళ్ళి రోటి అంచుకి కొట్టుకున్నాను. రోటికీ నాకూ మధ్య వరహాలమ్మ చెయ్యి ఉంది. నా అంచు వంకరపోయింది. ఆవిడ చిటికెనవేలు కూడా వంకరపోయింది. ఇద్దరమూ ఒకే దెబ్బకి వంగాం. ఆవిడ ఏడవలేదు. నన్ను తీసి, బూడిద పెట్టి తోమి, గోడకి ఆనించింది. ఇత్తడికి కూడా పగ పడుతుందని నాకు ఆ తోముడులోనే తెలిసింది.

తరువాత కుక్కరు వచ్చింది. యజమాని ఇంట్లో ఉందని రాయుడు కొన్నాడు. పొట్టిగా, బరువుగా, ఎప్పుడూ ఏదో కోపంలో ఉన్నట్టుండేది. ఏ పని చేసినా ముందు కూత కూసేది. మనుషుల్లోనూ వస్తువుల్లోనూ కూత కూసేవాళ్ళకే గౌరవం అని నేను అప్పటికే గ్రహించాను. "ఇంకెందుకా చిల్లుల పళ్ళెం, పాత సామాన్లవాడు వస్తే పారెయ్యి" అన్నాడు రాయుడు. వరహాలమ్మ సరేనంది. కాని పారెయ్యలేదు. కొంగుతో తుడిచి అటకమీద పెట్టింది. ఆవిడ చేసిన ఆ చిన్న దయవల్లే నేనింకా ఉన్నాను. అటకమీద పగిలిన లాంతరూ, చిరిగిన చేటా, నేనూ ఏళ్ళ తరబడి కిందినుంచి వచ్చే మాటలు వింటూ ఉన్నాం. ఇల్లంటే ఏమిటో అటకమీది వస్తువులకి తెలిసినంతగా గదిలోవాళ్ళకి తెలియదు.

పెద్దతనంలో రాయుడికి మోకాళ్ళు పట్టేశాయి. మందుల కొట్టులో ఆకుపచ్చ బిళ్ళ ఒకటి ఇచ్చారు. వేసుకుంటే నొప్పి తగ్గేది. తగ్గింది కదాని మళ్ళీ వేసుకునేవాడు. నొప్పి లేనిరోజున కూడా, రాకుండా ఉంటుందని వేసుకునేవాడు. బియ్యపుగింజ కొరికి దాని కులగోత్రాలు చెప్పగలిగినవాడు, ఏళ్ళపాటు మింగిన ఆ బిళ్ళ ఏమిటో ఎన్నడూ అడగలేదు. కాళ్ళు వాచాయి. మొహం ఉబ్బింది. తిన్నది ఇమడలేదు. పట్నం ఆసుపత్రికి తీసుకువెళ్తే, మూత్రపిండాలు రెండూ దాదాపు ఆగిపోయాయన్నారు. వారానికి రెండుసార్లు వెళ్ళి, మిషను పక్కన పడుకుని, రక్తం కడిగించుకు రావాలన్నారు.

ఆయన మంచంమీద ఉన్నాడు. పథ్యం సంగతి వరహాలమ్మకి చెప్పారు. "వండేది మీరే కదా" అని ఒక డాక్టరు నడవాలో నడుస్తూ నడుస్తూనే చెప్పాడు. సోడియం, పొటాషియం, ఫాస్ఫరస్ అన్నాడు. ఉప్పు బాగా తగ్గించాలన్నాడు. కూరగాయలు చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్ళల్లో ఉడకబెట్టి, వార్చి, అప్పుడు వండాలన్నాడు. కొబ్బరినీళ్ళు, అరటిపళ్ళు ఇవ్వొద్దన్నాడు. రోజూ ఒక గుడ్డు, తెల్లసొన మాత్రం, తప్పకుండా పెట్టమన్నాడు. ఆ డాక్టరు చెడ్డవాడు కాదు. ఆయన కోసం ఇంకా చాలామంది ఎదురు చూస్తున్నారు. కాని ఆ నడవాలో ఏం జరిగిందో ఆయనకి తెలియదు. ఇన్నేళ్ళూ రాయుడి నాలుక ముందు నిలబడి వణికిన ఆడమనిషి చేతికి ఆ నాలుకని అప్పగించి ఆయన వెళ్ళిపోయాడు.

వరహాలమ్మ ఇంటికి రాగానే నిచ్చెన వేసుకుని అటకెక్కింది. నన్ను తీసి దుమ్ము ఊదింది. చింతపండు పెట్టి, నేను తిరునాళ్ళలో ఎలా ఉన్నానో అలా అయ్యేదాకా తోమింది.

"నీ పని పడిందే" అంది నాతో. ఆవిడ నవ్వడం అంత దగ్గరగా చూడటం నాకదే మొదటిసారి.

అప్పటినుంచి నాకు పండగ. వంకాయ ముక్కలు, బంగాళాదుంప ముక్కలు, ములక్కాడ, చిక్కుడుకాయ, ఏదైనా సరే పెద్ద గిన్నెలో నీళ్ళు పోసి ఉడకబెట్టేది. నన్ను పెట్టి వార్చేది. కమ్మదనమంతా నీళ్ళల్లోకి దిగి నా చిల్లుల్లోంచి కిందికి పోయేది. పైన మిగిలింది తెల్లబోయిన పిప్పి. దాంట్లో ఉప్పు వెయ్యకుండా, పోపు పెట్టకుండా, అల్లం వెల్లుల్లి చూపించకుండా ఆయన కంచంలో వడ్డించేది. వెల్లుల్లి వద్దని, మిరియం వద్దని ఎవరూ అనలేదు. ఆవిడే అంది.

"ఇదేం కూరే? గేదె కూడా మూతి తిప్పుకుంటుంది" అన్నాడు రాయుడు.

"డాక్టరుగారు చెప్పేరండీ."

"పోపైనా పెట్టవే."

"వద్దన్నారండీ."

"కాస్త ఆవకాయ ముక్క నాలుక్కి రాసుకుంటానే, మింగన్లే."

"ప్రాణం పోద్దన్నారండీ. తర్వాత మీ ఇష్టం."

'మీ ఇష్టం' అన్న మాట ఆ ఇంట్లో అంతవరకూ ఆయనదే. ఆవిడ దాన్ని అంత మెత్తగా వాడుతుందని నేను ఊహించలేదు. రాయుడు కంచం విసరలేదు. విసిరే బలం లేదు, పైగా డాక్టరంటే భయం. కళ్ళు మూసుకుని నమిలాడు. నా వంకర అంచు మీద ఎండ పడి మెరిసింది.

ఇంతటితో ఊరుకుంటే అది మామూలు పథ్యమే అయ్యేది. మా పగకి ఇంకా రెండు మెట్లున్నాయి.

ఒకటి గుడ్డు. "గుడ్డు తినొచ్చేమో కనుక్కున్నావా?" అని ఆయన ఆశగా అడిగాడు. వరహాలమ్మ ఒక క్షణం నా వైపు చూసింది. "గుడ్డా? అసలు వాసన కూడా చూడకూడదన్నారు" అంది. చేప వద్దంది. పాలు వద్దంది. ఆయన తలూపాడు. జీవితమంతా ఆవిడ మాట ఒక్కటీ నమ్మని మనిషి, ఈ అబద్ధాన్ని మాత్రం సందేహం లేకుండా నమ్మాడు.

రెండోది చారు. నాలోంచి కిందికి దిగిన ఆ కూరగాయల నీళ్ళు ఉన్నాయి చూశారూ, వాటితో ఆవిడ తనకి చారు కాచుకునేది. ములక్కాడ, టమాటా, చిక్కుడు సారమంతా దిగిన నీళ్ళల్లో చింతపండు పిసికి, ఉప్పు వేసి, ఇంగువ పోపు పెట్టేది. వీధి చివరిదాకా ఘుమఘుమ. సారం ఆవిడకి, పిప్పి ఆయనకి. ఆయన కంచానికి ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, అన్నంలో చారు పోసుకుని, చప్పుడు చేస్తూ జుర్రుకునేది. ఆడవాళ్ళు అలా చప్పుడు చేస్తే ఒకప్పుడు ఆయన ఊరుకునేవాడు కాదు.

పక్కింటావిడ పేరంటాలు ఒకసారి అది చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. నోరు కాస్త పెద్దదేగాని మనసు మంచిది.

"ఏంటొదినా ఇది? పథ్యమా, శిక్షా?"

"డాక్టరుగారు రాసిచ్చిన పథ్యమే పేరంటాలూ."

"రాసిచ్చినోడు దగ్గరుండి వాసన కూడా చూపించమన్నాడా?"

వరహాలమ్మ మరో గరిటెడు చారు పోసుకుంది. రాయుడు మాత్రం "దానికేం తెలుసు పేరంటాలూ, నన్ను బతికించడానికి దాని తిప్పలు అది పడతంది" అన్నాడు. నిజంగానే అన్నాడు. అది విన్నాక చారు ఆవిడకి పొలమారింది. నాకు ఆ పొలమారడం నచ్చలేదు.

నెలలు గడిచేకొద్దీ ఆయన తగ్గిపోయాడు. భుజాల మీద బొమికలు కనిపించాయి. కాళ్ళవాపు లోపల కండ కరిగిపోయింది. మిషను దగ్గరనుంచి వచ్చిన రోజున గోడ పట్టుకుని నడిచేవాడు. ఆవిడ అది చూస్తూనే ఉంది. చూస్తూ ఉన్నా, ముక్కలు కోసేటప్పుడు చెయ్యి ఆగలేదు. పగలో ఉన్న కష్టమిదే. మొదలుపెట్టడానికి కారణం ఉంటుంది కాని, ఎక్కడ ఆపాలో ఎవరూ చెప్పరు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం, వరహాలమ్మ పేరంటాలుతో కలిసి రేషను కొట్టుకి వెళ్ళింది. ఇంట్లో ఆయనొక్కడే. గోడ పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. మూత తీశాడు. చారుగిన్నె నిండుగా ఉంది. ఆయన దొంగలా అటూ ఇటూ చూశాడు. సొంత వంటింట్లో, సొంత బియ్యపు డబ్బా పక్కన, దొంగలా. గరిటె కూడా తీసుకోలేదు. గిన్నె రెండు చేతులతో ఎత్తి తాగాడు. ఆగి, పెదాలు నాక్కుని, మళ్ళీ తాగాడు. అడుగున ఒత్తుగా దిగినదంతా వేళ్ళతో తీసి నాకాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రుచి వల్ల కూడా మనుషులు ఏడుస్తారని నాకు తెలియదు. గిన్నెకి మళ్ళీ మూతపెట్టి వెళ్ళి పడుకున్నాడు.

ఆవిడ వచ్చి ఖాళీ గిన్నె చూసింది. ఏ పిల్లి తాగిందో తెలిసింది. పక్కగదిలోకి వినపడేలా, "మూతపెట్టే పిల్లుల్ని మా ఇంట్లోనే చూశాను" అని నవ్వింది. లోపలినుంచి జవాబు రాలేదు. మళ్ళీ పిలిచింది. రాలేదు. వెళ్ళి చూస్తే మనిషి మంచంమీదే ఉన్నాడు కాని, చేతులూ కాళ్ళూ లేపలేకపోతున్నాడు. "వరహాలూ, గుండె... నెమ్మదిగా కొట్టుకుంటంది" అన్నాడు. ఆ పేరుతో ఆయన ఆవిడని పిలవగా నేను వినడం అదే మొదలు.

ఆటోని పేరంటాలు కేక వేసి ఆపింది. ఆ ఆటోలో అప్పటికే ఎక్కి ఉన్న ముగ్గురు, ఎవరో ఏమిటో అడక్కుండా దిగిపోయి, ఆయన్ని మోసి పడుకోబెట్టారట. లోకంలో ఇలాంటి దయలు చాలా ఉంటాయి. పగవాళ్ళు వాటిని లెక్కలోకి తీసుకోరు, నేనూ అప్పుడు తీసుకోలేదు. ఆసుపత్రిలో వెంటనే మిషను మీద పడుకోబెట్టారు. బతికాడు. రక్తంలో పొటాషియం విపరీతంగా పెరిగి గుండె ఆగిపోబోయిందన్నారు. ఎలా పెరిగిందో మాత్రం ఎవరికీ తెలియలేదు. ఏం తిన్నావని అడిగితే ఆయన చెప్పలేదు. చారు దొంగతనం చేశానని చెప్పుకోవడానికి ఆ వయసులో సిగ్గుపడ్డాడు. ఆవిడా చెప్పలేదు. చారు తాగితే ఎవరైనా చస్తారా అనుకుంది.

ఆసుపత్రిలో పథ్యం చెప్పడానికి అప్పుడే కొత్తగా ఒకమ్మాయి చేరింది. పేరు కెజియా. అందరినీ బాబాయిగారూ పిన్నిగారూ అని పిలిచేది. తరువాతిసారి వచ్చేటప్పుడు, వండే గిన్నే, వార్చే సిబ్బీ, ఇంట్లో ఉన్న కూరగాయలూ తెచ్చుకోమని చెప్పింది. "మీరు చెప్పొద్దు పిన్నిగారూ, నా ముందు వండి చూపించండి" అంది. అలా నేను మొదటిసారి గుడ్డసంచీలో ఊరు దాటాను.

మిషన్ల గది వెనక చిన్న వరండా. అక్కడ గ్యాసు పొయ్యి ఉంది. ఆ వేళకి రాయుడి వంతు అయిపోయి, బల్లమీద కూర్చుని ఉన్నాడు. చేతికి ఇంకా దూది పట్టీ ఉంది. వరహాలమ్మ బంగాళాదుంప ముక్కలు కోసింది. ఎక్కువ నీళ్ళల్లో ఉడకబెట్టింది. నన్ను పెట్టి వార్చింది. కెజియా ప్రతిదానికీ "బాగుంది, బాగుంది" అంటోంది. నీళ్ళన్నీ కింది గిన్నెలోకి దిగాయి. వరహాలమ్మ ఆ గిన్నెమీద పళ్ళెం మూతపెట్టి, జాగ్రత్తగా పక్కన పెట్టింది.

"అవెందుకు పిన్నిగారూ దాచారు?"

"ఏవమ్మా?"

"ఆ నీళ్ళు."

"చారుకి."

కెజియా ఆ పళ్ళెం ఎత్తి నీళ్ళు చూసింది. తరువాత నెమ్మదిగా, "అవి పారబొయ్యమని చెప్పలేదా మీకు?" అంది.

"వార్చమన్నారమ్మా. వార్చేను. పారబొయ్యమని ఎవరూ అనలేదు. వార్చిన నీళ్ళు ఎవరైనా పారబోత్తారా? గంజి పారబోత్తామా? తాగుతాం, చీరలకి పెడతాం, గేదెకి పోత్తాం. మా అమ్మ చూత్తే చీపురు తిరగేసేది."

కెజియా బల్లమీద కూలబడింది. "ఈ ఆసుపత్రిలో ఎంతమందికి చెప్పి ఉంటామో ఈ మాట. వార్చండి, వార్చండి అని. ఎందుకు వార్చాలో ఒక్కరికీ చెప్పలేదు" అని తనలో తను అనుకుంది. అప్పుడు నన్ను చేతిలోకి తీసుకుని ఆవిడకి చూపించింది.

"పిన్నిగారూ, మన ఒంట్లో కూడా ఇలాంటి సిబ్బులు రెండుంటాయి. పోవలసింది ఒంట్లోంచి పంపేస్తాయి. మీవి బాగున్నాయి, మీరు చారు తాగినా ఏం కాదు. బాబాయిగారివి పూడిపోయాయి. కూరలోంచి ఈ నీళ్ళల్లోకి దిగిందే, అది ఆయన ఒంట్లో చేరితే బయటకి పోయే దారి లేదు. గుండెని పట్టేస్తుంది. అందుకని వార్చమన్నది. ఈ నీళ్ళు ఆయన తాగాడంటే..."

బల్లమీద రాయుడు తల వంచుకున్నాడు.

"తాగానమ్మా" అన్నాడు. "దొంగతనంగా. గిన్నెడు తాగేను."

వరహాలమ్మ మొహం నేను చూశాను. నన్ను పట్టుకున్నవాళ్ళెవరూ ఇంతవరకూ అలాంటి మొహంతో నా దగ్గర నిలబడలేదు. ఆవిడకి కావలసింది ఆయన నాలుక మాడటం. ప్రాణం కాదు. ప్రాణం కూడా కావాలో లేదో ఆవిడ ఎప్పుడూ తేల్చుకోలేదు. ఇప్పుడు ఎవరో తేల్చి చేతిలో పెట్టినట్టయింది.

కెజియా ఆ మొహం చూడలేదు. రక్తపరీక్ష కాగితం చూస్తోంది. "ఇంకోటి బాబాయిగారూ, మీ ఒంట్లో బలం బొత్తిగా పడిపోయింది. మిషను రక్తంతోపాటు బలం కూడా కడిగేస్తుంది. అందుకే రోజూ గుడ్డు తినమన్నది. తింటున్నారా?"

రాయుడు నెమ్మదిగా తలెత్తాడు. కెజియా వైపు కాదు, భార్య వైపు చూశాడు. ఆవిడ తన వేళ్ళని చూసుకుంటోంది. గింజ కొరికి బస్తా సంగతి చెప్పే మనిషికి ఒక్క మాటతో అంతా తెలిసిపోయింది. గుడ్డు, చేప, పాలు, వెల్లుల్లి, పోపు. నెలల తరబడి నమిలిన పిప్పి అంతా ఒక్కసారి ఆయన కళ్ళలోకి వచ్చింది. ఇంక చెప్పేస్తాడు, అందరి ముందూ ఆవిడ పరువు పోతుంది, అని నేను అనుకున్నాను. నిజం చెప్పాలంటే, చెప్పాలనే కోరుకున్నాను. ఆయన అరిస్తే మా పగ మళ్ళీ కొత్తగా మొదలుపెట్టుకోవచ్చు.

"గుడ్డంటే నాకే ఇష్టం లేదమ్మా" అన్నాడు రాయుడు. "ఇది పెడతానంటే నేనే వద్దన్నాను."

పగ పట్టినవాళ్ళకి ఇంతకంటే అవమానం లేదు. కొట్టినవాడు చివరికి కొట్టకుండా ఉండిపోతే, మనం దాచుకున్నదంతా ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

ఇంటికి వచ్చాక వరహాలమ్మ రెండు గుడ్లు ఉడకబెట్టింది. పచ్చసొన తీసేసి, తెల్లసొన ముక్కలు కోసి, మిరియం పొడి జల్లి, నిమ్మకాయ పిండి, ఆయన ముందు పెట్టింది. ఆయన మొదటి ముక్క నోట్లో పెట్టుకున్నాక అడిగింది.

"అబద్ధం ఎందుకు చెప్పేరు?"

"నిజం చెప్తే ఏమయ్యేది? వాళ్ళు నిన్ను తిట్టేవారు." ఆయన నములుతూ అన్నాడు. "నిన్ను తిట్టే పని ఇన్నాళ్ళూ నేను చేసేను కదా. అది చాల్లే."

ఆవిడ కంచం ఆయన వైపు జరిపింది. "తినండి, చల్లారిపోద్ది" అంది. అంతే. క్షమించానని ఆవిడ అనలేదు. క్షమించమని ఆయనా అనలేదు. మీరు చదివే కథల్లో అయితే ఇక్కడ ఇద్దరూ ఏడుస్తారు. మా ఇంట్లో ఆయన ఇంకో ముక్క అడిగాడు, ఆవిడ పెట్టింది.

అయితే ఒకటి జరిగింది. మరుసటి రోజునుంచి వార్చిన నీళ్ళు పెరట్లో పారబొయ్యడం మొదలుపెట్టింది. తనకి వేరే చారు కాచుకోవడం మానేసింది. ఆ ఉప్పులేని కూరే తనూ కలుపుకుని ఎదురుగా కూర్చుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నా పక్షాన ఉన్న ఒక్క మనిషీ అవతలి పక్షానికి వెళ్ళిపోయింది. "చప్పగా ఉందేంటే" అని ఆయనంటే, "చప్పగానే ఉందండీ, ఏం చేత్తాం" అని ఆవిడ అనేది. అదేం మాట? అందులో విషం ఎక్కడుంది? నేను ఎంత వెదికినా దొరకలేదు.

ఆయన ఆ తరువాత కూడా కొన్నాళ్ళు బతికాడు. గోడ వదిలేసి నడిచాడు. మిల్లు వైపు వెళ్ళి, గింజలు కొరికి, రెండు మాటలు చెప్పి వచ్చేవాడు. చివరికి పోయినప్పుడు నిద్రలో పోయాడు. మూత్రపిండాలు పోయినవాళ్ళకి అలాంటి చావు దొరకడం అదృష్టమని కెజియా అందట. పన్నెండో రోజు అయ్యాక, వరహాలమ్మ నన్ను తోమి, సంచీలో పెట్టి, ఆసుపత్రికి తెచ్చి ఆ అమ్మాయి చేతికిచ్చింది. "మా ఇంట్లో వార్చి పారబోసే పని ఇంక లేదమ్మా. నీకు పనికొత్తాది" అంది. వెళ్ళేముందు గుడ్డు అబద్ధం సంగతి కూడా ఆ అమ్మాయికి చెప్పి, నా మీద ఒకసారి చెయ్యి వేసింది.

అప్పటినుంచి ఈ వరండా గోడకి, మేకుకి వేలాడుతున్నాను. కొత్తగా మిషను దగ్గరికి వచ్చిన ప్రతి మనిషి ఇంటినుంచీ వండేవాళ్ళని కెజియా పిలుస్తుంది. నన్ను తీసి, దుంపలు వార్చి, నీళ్ళు వాళ్ళచేతే తొట్టిలో పారబోయిస్తుంది. చెప్పడమే కాదు, పారబోసేదాకా కదలదు. ఏమేం వద్దో చెప్పేముందు ఏమేం తినొచ్చో చెబుతుంది. ఎంతమంది చేతులు నన్ను పట్టుకున్నాయో! ఆ చేతులు పట్టుకునే తీరులోనే నాకు తెలిసిపోతుంది. కొందరు నన్ను అదిమి పట్టుకుంటారు, వణుకుతూ. కొందరి పట్టు వేరు. అందులో ఆనాటి వరహాలమ్మ తోముడు ఉంటుంది. వాళ్ళని చూస్తే నాకు చుట్టాల్ని చూసినట్టుంటుంది.

నేను మాత్రం క్షమించలేదు. ఇత్తడికి క్షమించడం రాదు, చింతపండు పెట్టి తోమితే మెరవడం వస్తుంది, అంతే. కాని నా పగని ఇప్పుడు వేరే పనికి వాడుతున్నారు. ఆ సంగతి మొన్న ఒకావిడ వచ్చినప్పుడు పూర్తిగా అర్థమైంది. ఆవిడ పేరు నూకరత్నం. మొగుడు లోపల మిషను పక్కన పడుకుని, పక్కమంచం వాడిమీద అరుస్తున్నాడు. ఇక్కడికి వినిపిస్తోంది. కెజియా ఈమధ్య అందరినీ ఒక ప్రశ్న ముందు అడుగుతోంది, దుంపలు వార్చకముందే. తలుపు దగ్గరగా వేసి అడుగుతుంది.

"అక్కా, ఇంట్లో వండేది మీరేనా?"

"నేనేనండి మేడంగారూ. ఇంకెవరున్నారు?"

"ఆయన మీద కోపముందా?"

నూకరత్నం ముందు బిత్తరపోయింది. తరువాత లోపలి అరుపుల వైపు ఒకసారి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఉందా అని అడుగుతారేంటండీ బాబూ. ఎంతుందని అడగండి."

"ఉండనివ్వండి. అది తియ్యమని నేను చెప్పను, అది మీది" అంది కెజియా, నన్ను మేకుమీంచి తీసి ఆవిడ చేతికిస్తూ. "కోపం కోపమే. పథ్యం పథ్యమే. ఈ నీళ్ళు పారబొయ్యండి. గుడ్డు మాత్రం పెట్టండి."

నూకరత్నం నన్ను గట్టిగా పట్టుకుంది. ఆ పట్టు ఏ రకమో నాకు వెంటనే తెలిసింది. లోపల మొగుడు ఇంకా అరుస్తూనే ఉన్నాడు. గిన్నెలో దుంపలు ఉడికిపోయాయి. ఆవిడ వంగి, నన్ను మూతిమీద పెట్టి, తొట్టిలోకి నీళ్ళు వంచింది. చివరి చుక్క దిగేదాకా ఆగింది.

"గుడ్లు ఒకటా, రెండా మేడంగారూ?" అంది.